నాలుగు వేళ్లు పొట్టి

ఆ రోజుకు వదిన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికి కొట్టు తెరవాలి, పన్నెండు స్వెటర్లనూ ఒకసారి సరిచూసి మడతపెట్టాలి, మధ్యాహ్నం పాటల మాస్టారు రాగానే అప్పగించాలి, ఆ తర్వాత ఒక గంటసేపు ఎవరి మీదా అరవకుండా కూర్చోవాలి. ఆ చివరిది మరీ అత్యాశ అని ఆమె భర్తకు అనిపించింది గానీ పైకి అనలేదు. పెళ్లయి పాతికేళ్లయింది, ఆమాత్రం తెలివి వచ్చింది.

ఆమెది ఊలు కొట్టు. ఆడపడుచు "వదినా" అని పిలవడం విని, వచ్చేపోయేవాళ్లంతా అలాగే పిలవడం మొదలుపెట్టారు. అల్లేది ఆడపడుచు, అరిచేది వదిన. ఈ పంపకం మీదే కొట్టు పదేళ్లుగా నడుస్తోంది. ఆ పిల్ల చేతులు లేకపోతే అక్కడ మిగిలేవి ఊలు ఉండలూ, కేకలూనూ.

పాటల మాస్టారి బృందం కిందటేడు గొర్రె ఊలు స్వెటర్లు వేసుకుని వేదికెక్కింది. మంచి పాట మధ్యలో పన్నెండు మందీ మెడలు గోక్కున్నారు. అందుకని ఈసారి అల్పాకా కావాలన్నారు. అల్పాకా అంటే ఒంటెకు దూరపు చుట్టం. దాని బొచ్చుతో తీసిన ఊలు తేలిగ్గా, వెచ్చగా ఉంటుంది, మెడకు గుచ్చుకోదు. దానికున్న పెంకితనమల్లా ఒక్కటే, వేలాడదీస్తే సాగుతుంది, సాగాక తనంతట తాను వెనక్కి రాదు. వదిన ఈ సంగతి కొట్టు గోడ మీద ఎర్ర సిరాతో రాసి పెట్టింది: "చల్లని నీళ్లు. పిండకండి. పరిచి ఆరబెట్టండి. వేలాడదీసినవాళ్లు నాకు మొహం చూపించకండి."

కిటికీలో ఐదు నెలలుగా హ్యాంగరుకు తగిలించి ఉన్న శాంపిల్ స్వెటరును తీసి వదిన బల్ల మీద పరిచింది. పొడవు అందరికీ దానంతే అని ఒప్పందం. మొదటి స్వెటరును దాని మీద పెట్టి చూసింది. నాలుగు వేళ్లు పొట్టి. రెండోదీ అంతే. పన్నెండోది కూడా అంతే అయ్యేసరికి వదిన అగ్గిమీద గుగ్గిలమైంది.

"వేడినీళ్లలో ముంచావు కదూ?" అంది ఆడపడుచుతో.

"నేనా? వేడినీళ్లా? నాకేమైనా పిచ్చా వదినా?"

"అయితే ఎలా కుంచించుకుపోయాయి?"

"కుంచించుకుపోలేదు. మొదటిరోజు నువ్వు చెప్పిన కొలతకే అల్లాను."

"అంటే నేను తప్పు కొలత చెప్పానంటావు! వేడినీళ్లలో ముంచకపోతే ఊలు మిగుల్చుకున్నావన్నమాట. పన్నెండు స్వెటర్లు, ఒక్కోదానికి నాలుగు వేళ్లు. ఎంత ఊలు కొట్టేశావే దొంగపిల్లా?"

ఊలు కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు చేతిలో ఉండలు చేతిలోనే పెట్టుకుని నిలబడిపోయారు. ఆడపడుచు మొహం పాలిపోయింది. సూదులు బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

"ఐదు నెలలు నడుం విరిగేలా కూర్చుని అల్లింది కదే..." అన్నాడు భర్త.

"చెల్లెల్ని వెనకేసుకురావడం ఆపి నీళ్లు పట్టండి!"

తర్వాత వదిన చేసిన పని పగవాళ్లు కూడా చేయరు. పన్నెండు స్వెటర్లనూ తడిపింది. కొట్టు వెనక పెరట్లో తాడు కట్టి, అందరినీ ఏ పని చేయొద్దని పదేళ్లుగా తిడుతోందో ఆ పనే చేసింది. అంతటితో ఆగితే ఆమె వదినే కాదు. అంచులకు కత్తెరలూ, తాళం కప్పలూ క్లిప్పులతో తగిలించింది.

"గోడ మీద రాసింది నువ్వేగా?" అన్నాడు భర్త భయపడుతూనే.

"అది తెలియనివాళ్లకు! నాకు తెలుసు. నాలుగు వేళ్లు సాగగానే దించేస్తాను."

దించేసేదే. కానీ సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషి కొత్త అల్పాకా శాలువా పట్టుకుని వచ్చి, "దీన్ని తడిపి తీగ మీద ఆరేయొచ్చా అండీ?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఆ రోజు, ఆ మనిషిని అడగాల్సింది కాదు. వదిన ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మరీ ముప్పావుగంట దులిపేసింది. తడి బరువుకు పోగు ఎలా సాగుతుందో, వేలాడదీసేవాళ్లకు అసలు మనసనేది ఉంటుందో లేదో వివరించింది. పెరట్లో పన్నెండు స్వెటర్లూ తాళం కప్పలతో సహా కిందికి దిగుతూనే ఉన్నాయి. భర్త రెండుసార్లు వచ్చి గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లూ ఆమె చూసిన చూపుకు వెనక్కి పోయాడు.

పెద్దమనిషి బతుకుజీవుడా అని బయటపడేసరికి పాటల మాస్టారు లోపలికొచ్చాడు. వదిన పెరట్లోకి పరుగెత్తి అన్నిట్లోకీ ముందు తడిపినదాన్ని దించి తెచ్చింది. మాస్టారు ఆ తడి స్వెటరునే చొక్కా మీద తొడుక్కున్నాడు. అది మోకాళ్లు దాటింది.

"రేపు సాయంత్రం కచేరీ అండీ," అన్నాడాయన. "ఇది వేసుకుంటే ఇక ప్యాంటు అక్కర్లేదు."

"ఇది కాస్త ఎక్కువ సాగింది. అసలు పొడవు ఇదీ!" అని వదిన శాంపిల్‌ను ఆయన చేతిలో విసురుగా పెట్టింది. ఆయన అదీ తొడుక్కున్నాడు. అది తొడల మీదికొచ్చింది.

"అదేమిటి? ఆర్డరిచ్చిన రోజు ఇదే వేసుకుని చూశాను. సరిగ్గా నడుము దాకానే ఉంది. ఈ ఐదు నెలల్లో నేనేమైనా కుంచించుకుపోయానా?"

భర్త కిటికీ వైపు చూశాడు. మాస్టారు కూడా చూశాడు. వదిన అందరికంటే చివర చూసింది. అక్కడ ఖాళీ హ్యాంగరు వేలాడుతోంది. వదినకు పెరట్లో వేలాడుతున్న స్వెటర్లు గుర్తొచ్చాయి గానీ, వాటికంటే ముందు దొంగపిల్లా అన్నప్పుడు పాలిపోయిన ఆ మొహం గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆడపడుచు ఇల్లు రెండు వీధుల అవతల. వదిన వెళ్లి తలుపు బాదింది. తలుపు సగమే తెరుచుకుంది.

"ఊలు ఎక్కడ దాచానో వెతకడానికొచ్చావా? రా, మంచం కింద నుంచి మొదలుపెట్టు."

"అది కాదు."

"మరేంటి?"

వదినకు మెత్తగా మాట్లాడడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తెలిసిన గొంతు ఒక్కటే, దాంతోనే కానిచ్చింది.

"తప్పు నాది! శాంపిల్‌ని ఐదు నెలలు వేలాడదీసింది నేను! నువ్వు సరిగ్గా అల్లినవాటిని సాగదీసి తగలేసింది కూడా నేనే! నువ్వొచ్చి బాగుచేసినా సరే, చేయకపోయినా సరే, నువ్వు దొంగవి కాదు! బుద్ధిలేక అన్నాను! వినపడుతోందా?"

వీధిలో కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆడపడుచు వదిన మొహంలోకి చూసింది. ఆ మొహం కోపంతో కందిపోయి ఉంది, కళ్లు మాత్రం నీళ్లతో నిండి ఉన్నాయి.

"చల్లనీళ్లలో ముంచి, చేత్తో దగ్గరికి సర్ది, బల్లల మీద పరిచి ఫ్యాన్లు పెడితే రేపటికి నడుముకొస్తాయి," అంది చెప్పులేసుకుంటూ. "నువ్వు మాత్రం ముట్టుకోకు."

"ముట్టుకోను!" అని అరిచింది వదిన.

ఎదురింటావిడ గేటు దాకా వచ్చేసింది. "ఏమ్మా, ఏం చేశావని మీ వదిన నిన్ను నడివీధిలో అంతలేసి మాటలంటోంది?"

"తిట్టడం లేదండీ. క్షమించమంటోంది."

ఎదురింటావిడ వదినను ఎగాదిగా చూసి, "నువ్వు మా ఇంట్లోకి రా తల్లీ, ఆవిడ వెళ్లాక వెళ్దువుగాని," అంది.