ఎవరి పాటకు ఎవరు లేవాలి

ఆ శనివారం ఉదయం చాముండేశ్వరి వేసుకున్న పథకం చాలా చిన్నది. పులిహోర కలపడం, పిల్లల చేత పాట ఒకసారి పాడించడం, పదకొండింటికల్లా ఐర్లండ్‌లో వాళ్లుండే లూకన్ ఊరి కమ్యూనిటీ హాలుకు చేరడం. జర్మనీలోని బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం నుంచి గాయకబృందం ఒకటి వస్తోంది. తెలుగు సంఘం పిల్లలు వాళ్లను వాళ్ల రాష్ట్రగీతంతోనే స్వాగతించాలని ఆవిడ పట్టుపట్టి మరీ నేర్పింది. ఆవిడ దగ్గర పాట నేర్చుకునే పిల్లలకు సంఘం వేదిక ఇవ్వడం ఇదే మొదలు. ఇది చెడితే మరోసారి ఇవ్వరని ఆవిడకు బాగా తెలుసు.

పోపు వేగేలోపే సంఘం అధ్యక్షుడు పురుషోత్తం ఫోన్ చేశాడు.

"మేడం, ఆ పాట బంద్ పెట్టుండ్రి. రెండు ప్రాంతాలు కలిపిన రాష్ట్రమంట, అది ఒక్క బాడెనోళ్ల పాటంట. వుర్టెంబెర్గోళ్లు ఇంటే లేచి పోతరంట. అసలా రాష్ట్రానికి పాటే ఖాయం కాలేదంట. ఉత్తగ లొల్లయితది. ఏదన్న మ్యూజిక్ పెట్టి ఊకుందాం."

"పిల్లలు రెండు నెలలు గొంతులు అరగదీసుకుంటే ఇప్పుడు మ్యూజిక్ పెడతారా? కుదరదండీ. ఆ రెండో వాళ్ల పాట కూడా పాడిస్తాను. ఎవరు లేచిపోతారో నేనూ చూస్తా!"

అన్నట్టే హాలు వెనక గదిలో పిల్లలను నిలబెట్టి, ఫోన్‌లో వెతికి పట్టిన రెండో పాట నూరిపోసింది. "మమ్మీ, దిస్ ఈజ్ మెంటల్" అంది కూతురు హాసిని. "మెంటలైనా సరే, పాడాల్సిందే" అంది తల్లి.

మొదటి పాట ఎత్తుకోగానే జర్మన్లలో సగం మంది లేచి నిలబడ్డారు. మిగతా సగం చేతులు కట్టుకుని కూర్చున్నారు. రెండో పాటకు వీళ్లు లేచారు, వాళ్లు కూలబడ్డారు. ఏది ఎవరిదో తెలియని ఐరిష్ ఇరుగుపొరుగు మర్యాదకని లేస్తూ, పక్కవాళ్లను చూసి కూర్చుంటూ నానా అవస్థ పడ్డారు. వాళ్లను చూసి మనవాళ్లూ అదే పని చేశారు. దాంతో పిల్లలు తికమకపడి రెండో పాట మధ్యలో మొదటి పాట అందుకున్నారు. బృందనాయకుడు డీటర్‌ది బాడెన్, పక్కనున్న ఉర్సులాది వుర్టెంబెర్గ్. ఇద్దరూ వేళ్లు చూపించుకుంటూ కీచులాటకు దిగారు. పురుషోత్తం మైకు కట్టేయడానికి స్విచ్‌బోర్డు వైపు పరుగెత్తాడు.

చాముండేశ్వరికి ఒళ్లు మండింది. మైకు అందుకుని ఇంగ్లీషులో కడిగేసింది. "రాష్ట్రం ఒకటే కదండీ! పక్కవాళ్ల పాటకు లేచి నిలబడితే మోకాళ్లు అరిగిపోతాయా? మా పిల్లలు పాడతారు. రెండూ పాడతారు. ఇష్టంలేనివాళ్లకు తలుపు అటుంది!"

హాలు చల్లబడింది. ముందు ఉర్సులా లేచింది. సిగ్గుపడుతూ డీటర్ లేచాడు. రెండు పాటలనూ జర్మన్లందరూ నిలబడే విన్నారు. చాముండేశ్వరికి ఆనందంతో కళ్లు చెమర్చాయి.

చప్పట్లు ఆగాక డీటర్ మైకు దగ్గరకు వచ్చి ఆవిడకు చేతులు జోడించాడు. "మేడం, మాకు బుద్ధి వచ్చింది. ఇక మీ తెలుగువాళ్ల రాష్ట్రగీతం పాడండి. ఒక్కరం కూడా కూర్చోం."

జర్మన్లందరూ నిటారుగా నిలబడ్డారు. ఎడమవైపు గుంటూరు, విజయవాడ వాళ్లు గొంతు సవరించుకున్నారు. కుడివైపు కరీంనగర్, వరంగల్ వాళ్లూ సవరించుకున్నారు. ఆపైన ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏ పాట మేడం?" అన్నాడు పురుషోత్తం.

చాముండేశ్వరి ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. మైకు నోటి దగ్గర పెట్టుకుని, "అందరికీ ఆకలేస్తున్నట్టుంది కదండీ?" అంది.

లూకన్ తెలుగు సంఘం చరిత్రలో భోజనాలు వేళకు ముందే మొదలైన రోజు అదొక్కటే.