ముట్టకూడని మందారం

స్టీల్ ప్లాంటు కాలనీ సెక్టర్ 4లో తన క్వార్టర్ ముందున్న మందారం పొదను నరికి స్కూటర్‌కి రేకుల షెడ్డు వెయ్యాలని, వీక్లీ ఆఫ్ నాడు పొద్దున్నే రాజాబాబు కత్తి పట్టుకొని బయటికొచ్చాడు. కొమ్మకు ఎర్ర ట్యాగు వేలాడుతోంది. "పని ఆపబడింది. తాకరాదు." కింద సంతకం వనజాక్షిది. ఆయన భార్య.

"ఏటే ఇది? ప్లాంటు ట్యాగు చెట్టుకి కడతావేటి?"

"బుల్‌బుల్ గుడ్లెట్టింది. మూడున్నాయి. మీ సంచీలోదే కట్టీసినాను. కట్టినోళ్లే తియ్యాలని ముప్పై ఏళ్లు నా చెవిలో ఊదినారు కదా. నాను తియ్యను."

రాజాబాబు చెయ్యి కొమ్మ దాకా వెళ్లి ఆగిపోయింది. మరమ్మతులో ఉన్న యంత్రం మీద ఇంకొకరి ట్యాగు తీస్తే మనుషులు చస్తారు. ఆ భయం ఆయన ఒంట్లో ఇంకిపోయింది.

జనరల్ షిఫ్టుకు బయల్దేరిన చినబాబు ట్యాగు చూసి సైకిల్ దిగాడు. "గ్యాస్ లీకా భయ్యా?" రాజాబాబు నోరు విప్పేలోగా వెనక డ్యూటీకి వస్తున్నవాళ్లనీ ఆపేశాడు. పక్కింటి అప్పయమ్మ పొయ్యి ఆర్పేసింది. పావుగంటలో ఆ క్వార్టర్ల లైను లైనంతా రోడ్డెక్కి, గాలి ఎటునుంచి వస్తోందో చూసుకొని అటువైపు నిలబడింది.

చివరి క్వార్టర్‌లో ఉండే సేఫ్టీ ఆఫీసరు పార్థసారథి వచ్చి, గూడు సంగతంతా విన్నాడు.

"లీకూ లేదు, గీకూ లేదు. ట్యాగు మీద కారణం రాయలేదేమ్మా? పక్షి కోసమా, పొద కోసమా?"

"రెండిటికీని."

ఆయన ఫోనులో వెతికి చదివాడు. "బుల్‌బుల్. జంతువు. పక్షుల తరగతి, పిచ్చుకలుండే క్రమమే. సంరక్షణ స్థితి: ముప్పు తక్కువ. ఈ కారణం చెల్లదు."

రాజాబాబు కత్తి ఎత్తాడు.

"ఆగవయ్యా! మందారం. మొక్క. బెండ, పత్తి కుటుంబం. స్థితి..." పార్థసారథి కళ్లజోడు సర్దుకున్నాడు. "దీన్ని ఎవరూ మదింపే చెయ్యలేదు."

"అంటే ఇలువ లేనట్టే కదండీ!"

"ప్లాంటులో ముందు మదింపు లేకుండా ఏ పనీ మొదలెట్టకూడదు. కొత్తవాళ్లకు ఆ రూలు చెప్పేది నువ్వే కదయ్యా?"

పక్షి పేరు పక్కన స్థితి ఉంది, పొదకు అదీ లేదు; అయినా పక్షిని కాపాడింది ఆ పొదే. రిజిస్టర్‌లో లేని కాంట్రాక్టు కూలీ పర్మనెంటువాణ్ణి కాపాడటం ఈ ఊరికి కొత్తేం కాదు. నలుగురిలో ఒప్పుకోవడమే కొత్త.

వనజాక్షి ఆకులు పక్కకు తీసింది. టీ గ్లాసంత గూడు. అందులో ఒక గుడ్డు కదిలింది, చిట్లింది. కళ్లు తెరవని ఎర్రటి ముద్ద ఒకటి పెంకును తన్నుకొని బయటపడి, ఆకాశమంతా కావాలన్నట్టు నోరు తెరిచింది. రోజూ కరిగిన ఇనుము ముందు నిలబడే మనుషులు ఊపిరి బిగబట్టారు. రాజాబాబు కత్తిని వీపు వెనక దాచుకున్నాడు. ఎంతసేపు నిలబడ్డారో ఎవరికీ తెలియలేదు.

ఆ రోజు డ్యూటీకి ఆలస్యంగా వచ్చిన పదహారుమంది పేర్ల ఎదుట రిజిస్టర్‌లో పార్థసారథి ఒకే కారణం రాశాడు: కాన్పు.