గుమ్మంలోనే జవాబు చెప్పే కార్డు

అక్షరదోషాలుంటే మన్నించాలి. యాభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. నా పేరులో ఉన్నది మామూలు 'ల' కాబట్టి మొదట అదొక్కటే నేర్చుకున్నాను. 'ళ' ఆలస్యంగా వచ్చింది. ఈ నాలుగు ముక్కలు రాయడానికే వారం పట్టింది.

అయినా గట్టిగా చెబుతాను: కంప్యూటర్లకు ఇక బుర్ర అక్కర్లేదు. గుమ్మం చాలు!

మా చెల్లెలి కూతురు ప్రమోదిని విశాఖలో కంప్యూటర్ల పని చేస్తుంది. బయటి కబురేదైనా నెట్‌వర్క్ కార్డు దాటే లోపలికి వెళ్లాలట. ఇన్నాళ్లూ ఆ కార్డు కబురందుకుని లోపలి బుర్రకు పంపేది, అంతే. ఇప్పుడు జవాబు చెప్పే ప్రోగ్రామునే కార్డులో పెట్టేస్తున్నారట.

"మరైతే లోపలోడికి తెలీదేటే?"

"తెలవక్కర్లేదు పెద్దమ్మా! కార్డే సూసుకుంతాది. రెప్పపాటులో జవాబు. లోపలోడికి నిద్ర సెడదు."

ఎంత గొప్ప సంగతి! పలాసలో ఒక ఆఫీసు గుమ్మంలో బంట్రోతు గోవిందరావు ఇరవై ఏళ్లుగా చేస్తున్నది ఇదే కదా? అర్జీ మడత విప్పకముందే "సూత్తాంలే, ఎల్లిరామ్మా" అంటాడు. పాపం, ఆయన్ని టెక్నాలజీ అని ఎవరూ గుర్తించలేదు!

ఈ ఏడాది ఆ ఆఫీసువాళ్లు అర్జీలకు అలాంటి కార్డే పెట్టించారు. మా వీధికి ఇరవై ఆరు రోజులుగా మంచినీళ్లు లేవు. బోరు నీళ్లు తాగాలంటే మా ఉద్దానంలో ఎవరికైనా భయమే. మా ఆయన కిడ్నీలు పాడయ్యే పోయాడు. అందుకే సొంత దస్తూరితో రాసి, ఫోనులో ఫొటో తీసి పంపాను: "మా వీది కులాయి ఎండిపోయింది."

రెప్పపాటు కూడా పట్టలేదు! "మీ కుల ధ్రువీకరణ పత్రం సిద్ధం. మా సేవలు తృప్తినిచ్చాయా?"

మాది ఏ కులమో నేను చెప్పనే లేదు. అడక్కుండానే కనిపెట్టేసింది! ఇంత చురుకు లోపలి బుర్రకు ఉండేదా?

పక్కింటి అప్పలసూరి ఖాళీ బిందెతో వచ్చి, నేను అచ్చు తీయించి తెచ్చిన ఆ పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గట్టిగా పిండు వొదినా. రెండు సుక్కలు రావొచ్చు."

నేనూరుకుంటానా? పలక దుమ్ము దులిపి పది రోజులు 'ళ' దిద్దాను. 'కుళాయి' అని గుండ్రంగా రాసి మళ్లీ పంపాను.

"మీ అర్జీ ఇదివరకే పరిష్కరించబడింది."

మెచ్చుకోవద్దూ? లోపలివారికి నిద్ర చెడలేదు. మా కుళాయికీ చెడలేదు!

ఒక్కటే సందేహం. లోపల ఎవరో ఒకరు చదువుతారనే కదా, ఈ వయసులో నేను రాయడం నేర్చుకున్నది?

— గున్న నీలవేణి, అరవై రెండేళ్లు,
ప్రస్తుతం పూండి దగ్గర, ఎండిన కుళాయి వీధి. 'ళ' గమనించగలరు.