చుక్క కారని మడి

ముంబయిలో ఒంటిగది కాపురాల మా చాల్ డాబా మీద సామూహిక కూరగాయల ఎత్తుమడి నిర్మాణం జయప్రదంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కూరగాయల సంగతి తర్వాత మనవి చేసుకుంటాం.

ఫోరస్ రోడ్ నుంచి ఎవరొచ్చి చూసినా మెచ్చుకునే మా చాల్‌కు ఒకటే మచ్చ ఉండేది. మూడో అంతస్తు వరండాలో రత్నాబాయి అనే ముసలావిడ పాత పెయింటు డబ్బాల్లో పుంటికూర, అదే గోంగూర, పెంచేది. ఆ విత్తనాన్ని ఆమె అత్త పాలమూరు నుంచి కొంగున ముడేసుకుని తెచ్చిందట. ఏటా నాలుగు మొక్కలు ముదరనిచ్చి, మళ్లీ విత్తనం తీసుకునేది. గణపతి నిమజ్జనం నాడు ఆమె వండే పుంటికూర పప్పును చాల్‌లో అందరం లొట్టలేసుకుంటూ తినేవాళ్లం. తిండి వేరు, క్రమశిక్షణ వేరు.

అందుకని సంఘం అధ్యక్షులు పెద్దయ్య గారు వరండాలో డబ్బాలను నిషేధించి, బదులుగా డాబా మీద మడి మంజూరు చేశారు. చెక్కపెట్టెలో మట్టి పోస్తే చాలునని కార్యదర్శి మంగేష్ ఫోనులో వీడియో చూపించాడు. పెద్దయ్య గారికి ఒళ్లు మండింది.

"అరె, ఈ బంబయిని కట్టిందే మన తాతలు! ఇండ్లు కట్టే కామాటోళ్లం చెక్క డబ్బా పెడ్తమా? లోగ్ క్యా బోలేంగే?"

మాలో ఎవరైనా తాపీ పట్టి రెండు తరాలైంది. ఒకరు కొరియర్, ఒకరు బ్యాంకులో ప్యూను, ఒకరు మొబైల్ కవర్లు అమ్ముతారు. అయితేనేం, రక్తం ఊరుకుంటుందా? ఇటుక, సిమెంటు, లోపల వాటర్‌ప్రూఫింగ్, అంచున టైల్స్, ముందువైపు కమిటీ పేర్లతో నల్లరాతి పలక. నీళ్లు నింపి రాత్రంతా ఉంచి చూశాం. చుక్క కారలేదు. చప్పట్లు కొట్టాం.

రత్నాబాయి ఒక్కతే కొట్టలేదు.

"నీళ్లు పోనీకి తూటేదిరా పెద్దయ్యా? ఏర్లు మురుగుతయ్."

"వదినే, మనం కట్టిన దాంట్ల తూటా? ఇజ్జత్ కా సవాల్ హై!"

ఉన్న విత్తనమంతా డబ్బాల్లోనే చల్లాననీ, ఒక్క డబ్బా వదిలేయమనీ ఆమె బతిమాలింది. "ఆజీ, నియమ్ మ్హణ్జే నియమ్," అన్నాడు మంగేష్, రూలంటే రూలేనని. ఆ కుర్రాడి నిజాయితీని మెచ్చుకోవాలి. మొలకలన్నీ మడిలోకి చేరాయి. పెద్దయ్య గారు స్వావలంబన గురించి గంటసేపు మాట్లాడారు. అది విని మేము గ్రాంట్ రోడ్‌కు వెళ్లి కూరగాయలు కొనుక్కొచ్చుకున్నాం.

వానలు పట్టుకున్నాయి. చాల్ పైకప్పు ప్రతి గదిలోనూ కారింది. ఎలాగూ దీన్ని కూల్చి టవర్ కడతారని చాలా ఏళ్లుగా దాన్ని ఎవరూ బాగుచేయరు. కారేచోట పెడదామని రత్నాబాయి డబ్బాలు పంచుకున్నాం. తీరా చూస్తే అన్నిటికీ అడుగున తూట్లే! ఒక్కటీ పనికిరాలేదు. ముసలమ్మకు ఏ పనీ తిన్నగా చేతకాదని అందరం ఏకగ్రీవంగా తిట్టుకున్నాం.

మడి మాత్రం చెక్కుచెదరలేదు. వాన నీరంతా అందులోనే నిలిచింది. మొలకలు పసుపుపచ్చబడి, మురిగి, తేలాయి. కమిటీ అధైర్యపడలేదు. మట్టి తోడించి, మడిని పర్యావరణహిత నిమజ్జన కుండంగా ప్రకటించి, గణపతిని అందులోనే ముంచింది. ఫొటోలు బాగా వచ్చాయి.

ఆ పూట డాబా మీదే పంక్తి వేశారు. విస్తళ్లలో అన్నం పడింది.

"వదినే, పుంటికూర పప్పేది?" అన్నారు పెద్దయ్య గారు, చేయి చాపి.

రత్నాబాయి గంటె తీసుకుని మడి దగ్గరికెళ్లింది. గంటెడు నీళ్లు ముంచి తెచ్చి ఆయన విస్తట్లో పోసింది.

"మా అత్త ఇత్తనం గిండ్లనే మురిగింది. సుక్క కారలేదంటిరి గద, అంత గిండ్లనే ఉంటది. తిను."

మాకందరికీ బాధ కలిగింది. కలగలేదంటే అబద్ధం. కమిటీ అక్కడికక్కడే సమావేశమై, దేశవాళీ విత్తనానికి రత్నాబాయి చేసిన సేవను కొనియాడి, ఆమె పేరిట రెండో మడి కట్టాలని తీర్మానించింది. అదీ చుక్క కారదు.

విత్తనం ఒక్కటే కొరత. పాఠకులకు మనవి: మీ వరండాలోనూ ఏ ముసలమ్మో డబ్బాలు అడ్డంగా పెట్టే ఉంటుంది. వాటిని తీసేయించే ముందు మాకో గుప్పెడు విత్తనం పంపగలరు.