జపానోల్ల రోకలి

నా ఎడమకాలు బొటనవేలు చూసిన్రా, గోరు వంకర మొలిసింది. పోలీసోల్లు బూటుతోని తొక్కిన్రని ఊర్ల చెప్పుకుంట తిరుగుత. మీకైతే నిజం చెప్త. గది జపానోల్ల వల్ల అయింది.

దొర గడీ ముంగట నిలబడి "ఇగ వెట్టి చెయ్యం" అని చెప్పిన నోరు నాది. అదే నోరు మా అత్త బక్కమ్మను చూస్తే ఎండుకపోతది. పేరుకే బక్కమ్మ. ఆమె బండి దిగినంక ఎద్దులు ఊపిరి తీసుకునుడు నేను కండ్లార చూసిన. ఇగ నా పెండ్లాం పేరు సాలమ్మ. నన్ను తిట్టేకాడ మాత్రం ఆమెకు సాలనుడు రాదు.

ఆ ఏడు మిరుగం కార్తె ఇంక రాలే, వానలు మొదలుగాలే. సాలమ్మకు తొలిచూలు. కడుపు మంచిగ కనవడుతాంది. ఒకనాడు పొద్దుగూకేముందు బక్కమ్మ బండి మా వాకిట్ల ఆగింది. పరుపు సుట్ట దించింది, రేకుపెట్టె దించింది, గంపల ఒక కోడిని పిల్లలతోని సహా దించింది.

"అమ్మ వచ్చింది," అన్నది సాలమ్మ.

"నాకు కండ్లున్నయి. ఎందుకొచ్చిందో గూడ ఎరుకే."

"ఏమెరుక? జర ఇను..."

"తొలికానుపు తల్లిగారింట్ల. గదే కదా. లోకమంత నడిచేదే."

"నన్ను చెప్పనిస్తవా?"

"ఏం చెప్తవ్? మూట కట్టుకున్న, పోయొస్త అంటవ్."

"నీకన్న మేక నయం," అన్నది. "మేసేటప్పుడన్న నోరు మూస్తది."

బిడ్డను తోల్కపోనీకి వచ్చేటామె పరుపెందుకు తెచ్చింది, కోడినెందుకు తెచ్చింది అని నాకు తోయలే. భయంల ఉన్నోనికి కోడి కనవడదు.

ఏం భయమంటరా? మా అత్తగారూరు నల్లమల అంచుకుంటది. నడుమ వాగు. వానలు పడ్డయంటే అవుతలోల్లు అవుతల్నే, ఇవుతలోల్లు ఇవుతల్నే. దవాఖాన మాత్రం ఇవుతల, అచ్చంపేటల ఉంటది. పోయినేడు మా దోస్తు యాదయ్య పెండ్లాం గట్లనే తల్లిగారింటికి పోయింది. నొప్పులొచ్చిన్నాడే వాగొచ్చింది. బండి ఒడ్డు మీదనే నిలబడ్డది. తల్లి దక్కింది, పిల్ల దక్కలే. అప్పట్నుంచి యాదయ్య వాగు పేరెత్తితే లేచిపోతడు.

సాలమ్మకు శ్రావణంల నెలలు నిండుతయి. వాగు నిండేది గూడ అప్పుడే. ఈ లెక్క నాకు నిద్ర పట్టనిస్తలేదు. పోనీ, భయమైతాందని చెప్తనా అంటే మొగోని నోట్లకెల్లి ఆ మాట రాదు. రొట్టె చేసేటోల్లు లేరు, నువ్వు పోతే నాకెట్ల అంటం. సాలమ్మకు నేను అదే చెప్పిన. "రొట్టె కొరకే అయితే పక్కింటి అండాలును అడుగు, పడేస్తది," అన్నది.

గా రాత్రికే ఊర్లకు సర్కారు సినిమా బండి వచ్చింది. చావిడి గోడకు తెల్లబట్ట కట్టిన్రు. బండితోని వచ్చిన లచ్చయ్య మిషిను తిప్పుతడు, డబ్బాల్నుంచి మాటలొస్తయి. ఆ దినం మాత్రం డబ్బా అంత ఇంగ్లీషే మాట్లాడుతాంది.

"తెలుగుది ఇంకో ఊరికి పోయింది. గిది సమజ్ జేసి చెప్పేటోల్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగిండు లచ్చయ్య.

ఊరంత నా దిక్కు చూసింది. పాత పేపర్ల మీద అచ్చరాలు దిద్దుకోని చదువు నేర్చిన గాలయ్యను నేనేనాయె. నాకొచ్చిన ఇంగ్లీషు "డౌన్ డౌన్" ఒక్కటే. అది ఊరోల్లకు తెల్వదు.

లేచి బట్ట పక్కకు పోయి నిలబడ్డ. ముందటి చాప మీద అత్త, ఆమె పక్కకు సాలమ్మ, ఎనుక ఊరు. అప్పుడే నాకు ఉపాయం తట్టింది. డబ్బా ఏమన్నా గాని, నేను చెప్పిందే సినిమా.

లచ్చయ్య నా చెవుల చెప్పిండు. "ఇది అమెరికాల సానుఫ్రాన్సిస్కో అనే పట్నం. ఆడ జపానోల్లు ఒక గల్లీ చేసుకోని బతుకుతున్నరు. ఆల్ల పండుగలు గీ బొమ్మల ఉంటయి. నాకు గింతే ఎరుక, మిగిలింది నువ్వు చూస్కో."

బొమ్మ పడ్డది. గుట్ట మీదికి ఎక్కే సడక్, దాని మీద ఎద్దులు లేని బండి. గల్లీ పొడుగూత కాయితం దీపాలు. పెద్ద డోలు కొడుతుంటే ఆడోల్లు గుండ్రంగ తిరుగుకుంట చప్పట్లు చరుస్తున్నరు.

"ఓ గాలయ్యా," అన్నది అండాలు, "నడుమ బతుకమ్మ ఏది?"

"తెస్తున్నరు. తొవ్వల ఉన్నది."

ఎంతసేపటికీ రాలే. గీ లోపట్నే ఒక ఇంటి ముంగట సంటిపిల్లను ఎత్తుకోని ఒక పిల్ల కనవడ్డది. వచ్చేటోల్లకు నడుం వంచి దండం పెడుతాంది. ఇంతకన్న మంచి మోఖా దొరకదు.

"గీ పిల్లను చూడుండ్రి," అని గొంతు పెంచిన. "కానుపుకు తల్లిగారింటికి పోలే. జపానోల్లల్ల తొలికానుపు మొగనింట్లనే. గడప దాటితే అరిష్టం."

అరిష్టాలు గిరిష్టాలు లేవని ఊరంత కొట్లాడినోన్ని నేనే. ఆ పూట అవసరముండి ఒకటి పుట్టించిన.

"గట్లనా అల్లుడా?" అన్నది బక్కమ్మ. గొంతుల కోపం లేదు. గదే నాకు భయమైంది. "మరి పని పాట ఎవరు చేస్తరు?"

"మొగడే. అన్ని మొగడే చూస్కుంటడు."

"కట్టెలు, నీళ్లు?"

"అన్ని అని చెప్పిన కదా అత్తా."

సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తుందేమో అనుకున్న.

ఇంతల బొమ్మ మారింది. నడుమ మోకాలెత్తు కట్టె రోలు. దాని సుట్టు మొగోల్లు, తలలకు గుడ్డలు కట్టుకోని, పెద్ద పెద్ద కట్టె సుత్తెలు లేపి రోట్లె ఏస్తున్నరు. రోట్లె తెల్లగ ఏందో ఉన్నది. పక్కకు ఒక ఆడామె కూసుండి దెబ్బకు దెబ్బకు నడుమ చెయ్యి పెట్టి దాన్ని మర్లేస్తాంది. చూసుకుంటనే నేను నా చెయ్యి ఎనుకకు తీసుకున్న.

"ఏం దంచుతాండ్రు?" అని అడిగింది అండాలు.

మొగోడు తిండికోసం రోకలి పట్టుడు నేను పుట్టినకాడికెల్లి చూడలే. "సున్నం," అన్న. "గచ్చు సున్నం. ఇల్లు కట్టనీకి."

బొమ్మల ఆ ఆడామె తెల్లముద్దను తీసి చిన్న చిన్న ఉండలు చేసింది. పిల్లల చేతుల్ల పెట్టింది. పిల్లలు బుక్కిన్రు.

ఊరంత బొమ్మను ఇడిసి నా దిక్కు తిరిగింది.

"అల్లుడా," అన్నది బక్కమ్మ, "సున్నం తింటాండ్రు."

మిషిను కాడికెల్లి లచ్చయ్య నవ్వాపుకోలేక చెప్పిండు. "బువ్వ అది. కొత్త సంవత్సరానికి అన్నం దంచి ముద్దలు చేసుకుంటరు." గింతే ఎరుక అన్నోనికి గది ఎట్ల ఎరుకనో నాకు ఇప్పటికి తెల్వదు.

"అయితే మొగోల్లే దంచుతాండ్రన్నట్టు," అన్నది మా అత్త. లేచి నిలబడ్డది. బట్ట మీద ఆమె నీడ పడి అమెరికా సగం కనవడకుంట పోయింది. "ఆడది కూసోని తిప్పుతాంది. మంచి రివాజు. నువ్వన్నట్టే కానీ అల్లుడా. మా పిల్ల ఈడనే కంటది. దంచుడు గూడ నువ్వన్నట్టే."

గెలిచిన అనుకోవాల్నో, ఓడిన అనుకోవాల్నో సమజ్ కాలే. ఆడోల్లు ఒకటే నవ్వుడు. మొగోల్లు లేచి తువ్వాల్లు దులుపుకుంటున్నరు. పోయేటప్పుడు యాదయ్య నా పక్కకొచ్చి మెల్లగ అన్నడు. "ఇగ ఎన్నడు ఇంగ్లీషు మాట్లాడకు గాలన్నా. మాకు గూడ ఇండ్లున్నయి."

తెల్లారి లేచేసరికి వాకిలి ఊడ్చి, రోలు కడిగి పెట్టిన్రు. పెద్ద గంజుల అన్నం ఉడికి ఉన్నది. అండాలు గల్లీల ఉన్న ఆడోల్లనందర్ని ఎంటేసుకోని వచ్చి అరుగు మీద కూసున్నది. మొగోల్లు గోడ అవుతల నిలబడి తలకాయలు మాత్రం పైకి పెట్టిన్రు.

"గిది వెట్టి," అన్న మా అత్తతోని.

"ఊర్ల వెట్టి పోయిందని మీటింగులు పెడ్తవట. మా పిల్ల ఇన్నేండ్లసంది దంచింది ఏం పని? దానికి కూలి ఏమన్న ఇచ్చినవా?"

నేను తువ్వాల నడుముకు సుట్టుకున్న.

రోకలి ఎత్తిన. మా బియ్యానికి జపానోల్ల బియ్యమంత జిగట లేదు. ఒక్క దెబ్బకు మెతుకులు నా మీసాలకు, రెండో దెబ్బకు అండాలు నెత్తిమీదికి ఎగిరినయి. బక్కమ్మ కోడి పిల్లలనేసుకోని వచ్చి నా కాళ్ల సుట్టు బంతి కూసున్నది. ఒక కాలు ఎత్తితే ఒక పిల్ల, ఇంకో కాలు దించితే ఇంకో పిల్ల.

"తిప్పేటోల్లు లేకుంటే ఎట్లైతది?" అన్నది మా అత్త. "సాలీ, నువ్వు కూసో."

సాలమ్మ పీట ఏసుకోని, కడుపు మీద ఒక చెయ్యి పెట్టుకోని మెల్లగ కూసున్నది. ఇంకో చెయ్యి నీళ్లల్ల ముంచి రోట్లె పెట్టింది.

"కొట్టు," అన్నది.

రోకలి పైకి లేపిన. కింద రోట్లె ఆమె గాజులు కనవడ్డయి. రోకలి పైననే నిలబడ్డది.

"చెయ్యి తీ."

"తీస్త. నువ్వు కొట్టు."

"ముందుగాల తీ."

"ఆ జపాను మొగడు అడిగిండా?"

"ఆల్లకు అలవాటు."

"నీకు నోరు ఒక్కటే అలవాటు. కొట్టు."

"నాతోని కాదు సాలీ. నీకేమన్న అయితే నేనేం కావాలె?"

సాలమ్మ నా ముఖం దిక్కు చూసింది. నవ్వు పోయింది. మెల్లగ చెయ్యి తీసుకున్నది. కానీ నా అరచేతుల్ల చెమట పట్టి ఉండె. రోకలి జారింది. దాని కింద ఇనుప పొన్ను సక్కగ వచ్చి నా బొటనవేలు మీద కూసున్నది. నేను అరవలే అంటే మీరు నమ్మరు. కోడి ఆ దినమంత గంపలకెల్లి బయటికి రాలే.

యాదయ్య బండి కట్టిండు. నన్ను ఎక్కిచ్చిన్రు. నేను పడిపోకుంట అటు సాలమ్మ, ఇటు బక్కమ్మ. అచ్చంపేట దవాఖాన ముంగట బండి ఆగంగనే నర్సమ్మ ఉరికొచ్చి సాలమ్మ చెయ్యి పట్టుకున్నది.

"నొప్పులు అప్పుడే మొదలైనయా?"

"ఆమెకు కాదమ్మా," అన్నది మా అత్త. "గీయనకు."

నర్సమ్మ నా వేలు చూసింది, ముఖం చూసింది, నవ్వకుంట దూది తెచ్చింది. కట్టు కట్టుకుంట సాలమ్మతోని అన్నది. "నేను చెప్పినట్టే అమ్మను పిలిపించుకున్నవా? మంచిపని చేసినవ్. వాగు దాటి పోకుండ్రి. మీ ఇంట్లనే కను. కబురు చేస్తే నేనే వస్త."

నేను సాలమ్మ దిక్కు చూసిన. సాలమ్మ గోడ దిక్కు చూసింది.

"అంటే అత్త తోల్కపోనీకి రాలేదా?"

"పరుపు దించిన, పెట్టె దించిన, కోడిని దించిన," అన్నది బక్కమ్మ. "ఇంకేం దించితే సమజైతది నీకు?"

"ఒక్క మాట చెప్పొచ్చు కద."

"చెప్పనీకి వచ్చిన కదా, నువ్వు నోరు మూసినవా?" అన్నది సాలమ్మ. "సినిమా అయినంక చెప్దామనుకున్న. ఆడ నువ్వే అన్ని మొగడే చేస్తడని ఊరంత చాటితివి. ఇగ మేమెందుకు అడ్డమొస్తం?"

వేలు నయమైంది. దంచుడు నయం కాలే. ఊర్ల ఎవరి ఇంట్ల రోకలి ఊకున్నా మొగోనికి నా పేరు చెప్పి తిట్టుడు అలవాటైంది. మొగోల్లు నాతోని మాట్లాడుడు బందు చేసిన్రు, ఒక్క యాదయ్య తప్ప.

శ్రావణంల వాగు రెండు ఒడ్లు ఒరుసుకుంట పారింది. ఆ పొద్దున్నే సాలమ్మకు నొప్పులు మొదలైనయి. యాదయ్య పోయి నర్సమ్మను బండిల తెచ్చి, తను వాకిట్లనే నిలబడ్డడు. లోపటికి మమ్ముల రానియ్యలే. నేను వాకిట్ల అటు ఇటు తిరుగుతనే ఉన్న. బాలింతకని తెచ్చిన శొంఠి, మిరియాలు రోటి పక్కన ఉన్నయి. రోకలి అందుకున్న. ఎవరు చెప్పకుంటనే దంచిన. కండ్లల్లకెల్లి నీళ్లు కారుతుంటే ఘాటుకని యాదయ్యకు చెప్పిన. ఆయన గూడ కండ్లు తుడుసుకుంట, అవును ఘాటే అన్నడు.

అప్పుడు లోపటికెల్లి సంటిపిల్ల ఏడుపు ఇనవడ్డది. రోకలి నా చేతులల్లనే ఆగిపోయింది.

"ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు," అని నర్సమ్మ గొంతు. దాని ఎనుకనే మా అత్త గొంతు.

"అల్లుడా, దంచుడు ఆపినవేంది?"