వినయ పతకానికి ఇంటర్వ్యూ

ఒక సద్గుణం నూరేళ్లు నిలవాలంటే దానికొక కమిటీ ఉండాలి. సింగపూర్‌లోని సెయింట్ ఒడీలియా బాలికల సెకండరీ స్కూలు ఈ సంగతిని అందరికంటే ముందు గ్రహించింది.

ఆ బడిని స్థాపించిన సన్యాసిని మదర్ క్లెమెన్స్ ఓడలో వచ్చి, దిక్కులేని ఆడపిల్లలకు చదువు చెప్పి, తన ఫొటో ఎవరినీ తీయనివ్వకుండానే కన్నుమూసింది. ఆ వినయానికి గుర్తుగా గేటు పక్కన ఆమె కంచు విగ్రహాన్ని రెండంతస్తుల ఎత్తున నిలిపారు. (ముఖం శిల్పి భార్యది.) ఏటా అత్యంత వినయవంతురాలైన విద్యార్థినికి ఆమె పేరిట పతకం ఇస్తారు. కావలసినవారు దరఖాస్తు చేసుకోవాలి. వినయంగా ఉన్నప్పటి ఫొటోలు జతచేయాలి.

ఈ పతకం ఉంటే మంచి జూనియర్ కాలేజీలో సీటు సులువని బుకిట్ పంజాంగ్ పేటలోని తెలుగువాళ్లందరికీ తెలుసు. చివరి ఏడాది చదువుతున్న వర్షితకు మార్కులు కాస్త తక్కువ; ఆశంతా పతకం మీదే. అందుకే తండ్రి శశికాంత్ సైన్స్ పార్క్ ఆఫీసుకు సెలవు పెట్టి, ఇంటి హాల్లోనే ఇంటర్వ్యూకు శిక్షణ మొదలుపెట్టాడు.

"తల కొంచెం వంచమ్మా. అంత వద్దు, మెడ పట్టేసిందనుకుంటారు."

"డాడీ, దిస్ ఈజ్ సో ఫేక్ లా" అంది వర్షిత సింగపూర్ యాసలో.

"అయితే ఏంటే? అలవాటైతే అదే నిజమవుద్ది."

"పెళ్లయినప్పట్నుంచీ చూస్తున్నా, మీకు మాత్రం అలవాటు కాలేదు" అంది వంటగదిలోంచి తల్లి సుభద్ర.

మనిషి తన వినయాన్ని తానే గమనించిన క్షణాన అది మరేదో అయిపోతుంది. (కమిటీకి ఈ సంగతి తెలుసు. గమనించుకున్నందుకు మార్కులు వేరే ఉన్నాయి.)

ఇంటర్వ్యూలో వైస్ ప్రిన్సిపల్ మిసెస్ పెరేరా అడిగారు: "ఈ బడిలో నీకంటే వినయవంతురాలు ఎవరైనా ఉన్నారా?"

ఈ ప్రశ్న శిక్షణలో లేదు. వర్షిత నిజం చెప్పేసింది.

"మా క్లాసులో ఆమని, మిసెస్ పెరేరా. క్యాంటీన్‌లో అందరూ వదిలేసిన ట్రేలు తనే తీసేస్తుంది. ఎవరైనా చూస్తే అవన్నీ తనవే అంటుంది."

"మరి ఆమె దరఖాస్తు పెట్టలేదే?"

"అడిగాను. తనకంత వినయం లేదంది."

కమిటీవారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పాపం" అన్నారు మిసెస్ పెరేరా, నిజంగానే జాలిపడి.

పతకం వర్షితకే వచ్చింది. తోటి విద్యార్థిని గొప్పతనాన్ని ఒప్పుకున్నందుకు అదనపు మార్కులు పడ్డాయి. ఆమనికి ఆత్మవిశ్వాసం లోపించిందని నిర్ధారించి, స్కూలు కౌన్సెలర్ దగ్గరికి పంపారు.

"మీ టైమ్ వేస్ట్ చేస్తున్నాను, సారీ" అంది ఆమని కూర్చుంటూనే.

కౌన్సెలర్ దాన్ని మొదటి లక్షణంగా రాసుకుని, వారం వారం రమ్మంది.