ఓటు లేని తెలుగువాళ్ళు

కోవిల్‌పట్టికీ విరుదునగరుకూ మధ్య, ఆ రెండూ తమది కాదని ఒకదాని మీదికి ఒకటి తోసుకునే చోట, చింతలనాయక్కన్‌పట్టి అనే పట్టణం ఉంది. పట్టణం అన్న మాట నాది కాదు, సర్కారుది. ఊరి మొదట్లో పసుపుపచ్చ పలక మీద 'పేరూరాట్చి', అంటే పట్టణ పంచాయతీ అని రాయించారు కాబట్టి అది పట్టణమే. పలక దాటి లోపలికి పోతే పల్లెటూరు కనిపిస్తుంది. అందుకే పై అధికారులు పలక దగ్గరే జీపు తిప్పుకుని, పట్టణాభివృద్ధి తృప్తికరంగా ఉందని రాసుకుని వెళ్ళిపోతారు.

భౌగోళికంగా ఆ ఊరికి తూర్పున నల్లరేగడి. పడమరా నల్లరేగడే, కాకపోతే ఆ రైతులకూ ఈ రైతులకూ మాటల్లేవు కాబట్టి దాన్ని వేరే దిక్కుగా లెక్కిస్తారు. ఉత్తరాన ఒక నది ఉంది. పటంలో నీలంగా, కళకళలాడుతూ ఉంటుంది. నేల మీద మాత్రం దాని నిండా సీమతుమ్మ. ఆ తుమ్మ కొట్టి అక్కడే బొగ్గు కాలుస్తారు. నదిలోంచి బొగ్గు తీసే ఊరు దేశంలో తమదొక్కటేనని జనం గర్వపడతారు. దక్షిణాన అగ్గిపెట్టెల షెడ్లు. వాన పడితే పుల్లలు నెమ్ముతాయి, పడకపోతే చేలు ఎండుతాయి. అందుచేత ఊళ్ళో సగం మంది వాన రావాలనీ, సగం మంది రావద్దనీ ఒకే అమ్మవారికి మొక్కుతారు. ఆమె ఇద్దరినీ నొప్పించలేక మబ్బులు మాత్రం పంపి ఊరుకుంటుంది.

ఇక జనాభా. అది నిలకడగా ఉండదు. రేషన్ చక్కెర వచ్చిన రోజు పెరుగుతుంది, ఇంటిపన్ను మనిషి వచ్చిన రోజు తగ్గుతుంది, పోలింగు రోజున కాలం చేసినవాళ్ళు కూడా బాధ్యతగా వచ్చి కలుస్తారు కాబట్టి ఆకాశాన్ని అంటుతుంది. ఆ జనంలో చాలామందిది తెలుగు. ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్ళకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చెప్పులు గడప బయట విడిచినట్టు, తెలుగును గడప లోపల విడిచి వస్తారు. పరాయి మనిషి ముందు ఇంటి మాట మాట్లాడటం వాళ్ళ దృష్టిలో వచ్చిన చుట్టం ముందు ఒళ్ళు గోక్కోవడం లాంటిది. మర్యాద తెలిసినవాళ్ళు చేయరు.

ఈ మర్యాదే సుబ్రమణియన్ కొంప ముంచింది.

సుబ్రమణియన్‌కు ఒక అగ్గిపెట్టెల షెడ్డు, ఒక తల్లి, ఒక కోరిక ఉన్నాయి. షెడ్డు బాగానే నడుస్తోంది, తల్లి గోవిందమ్మాళ్ కూడా బాగానే నడుస్తోంది, కోరికే మూలపడింది. పేరూరాట్చికి అధ్యక్షుడై 'తలైవరే' అని జనం చేత పిలిపించుకోవాలని అతని ఆశ. తొంభై ఆరు ఎన్నికల్లో పార్టీ టికెట్టు తనదేనని నమ్మి, ముందే తలైవర్ అని కార్డులు అచ్చు వేయించాడు. టికెట్టు రాలేదు. మిగిలిపోయిన ఆ కార్డుల్ని ఇంట్లో కాఫీ గ్లాసుల కింద వేస్తున్నారు. పొద్దునా సాయంత్రం తన పేరు మీద ఎవరో ఒకరు వేడి గ్లాసు పెడుతుంటే అతనికి ప్రాణం చివుక్కుమనేది.

రెండువేల ఒకటిలో మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఈసారి నూనెమిల్లు చెల్లదురై కూడా టికెట్టు అడిగాడు. చెల్లదురై తమిళుడు. పార్టీ పెద్దలు ఇద్దరి యోగ్యతలనూ తూచి చూశారు. ఇద్దరికీ ఏమీ లేవని తేలింది. ఇక మిగిలింది సిద్ధాంతం ఒక్కటే కాబట్టి, ఊళ్ళో ఏ భాషవాళ్ళు ఎక్కువుంటే ఆ భాషవాడికే టికెట్టు అని తీర్మానించారు. కబురు విన్న సుబ్రమణియన్‌కు నేల మీద కాలు నిలవలేదు. చెల్లదురై ఉండే ఒక్క వీధి తప్ప ఊరంతా తెలుగే. రొట్టె విరిగి నేతిలో పడింది.

వెంటనే 'తెలుగు మక్కళ్ సంఘం', అంటే తెలుగు ప్రజల సంఘం పెట్టాడు. తెలుగు ఎవరికీ చదవడం రాదు కనుక బోర్డు తమిళంలో రాయించాడు. ప్రారంభోత్సవానికి చెన్నై నుంచి ఒక భాషాభిమానిని పిలిపించాడు. ఆయన మైకు అందుకుని, "ఆంధ్ర భాషామతల్లి వాత్సల్యామృతధారలలో ఓలలాడుచున్న సోదర సోదరీమణులారా!" అని మొదలుపెట్టగానే మగవాళ్ళు భుజాల మీది తువాళ్ళు తీసి నడుముకు కట్టుకుని చేతులు జోడించారు. ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. అయిపోయాక ప్రసాదం పెట్టనందుకు కొంత అసంతృప్తి వ్యక్తమైంది. తరవాత సుబ్రమణియన్ లేచి, "తెలుగు మన ఊపిరి! తెలుగు మన నెత్తురు! ప్రాణం పోయినా తెలుగును వదలం!" అని తమిళంలో గర్జించాడు. చప్పట్లతో పందిరి అదిరింది.

లెక్క తేల్చడానికి పార్టీ అరుప్పుకోట్టై నుంచి జెయకుమార్ అనే పరిశీలకుణ్ణి పంపింది. ముందురోజు సుబ్రమణియన్ ఇల్లిల్లూ తిరిగి, లోపలికంటా వెళ్ళి, అందరికీ పాఠం చెప్పాడు.

"రేపు ఒక ఆయప్ప వస్తాడు. మీది ఏ బాస అని అడుగుతాడు. తెలుగని చెప్పండి. అంతే."

"దానికేమి మామా, అట్లనే చెప్తాము. మన బాస మనం చెప్పేకి ఏమి సిగ్గు?" అంది అగ్గిపుల్లలు పేర్చే పాండియమ్మాళ్.

జెయకుమార్ వచ్చాడు. తెల్లచొక్కా, తెల్లపంచె, మీసం లేని ముఖం. మీసాలు పోటీ పడి పెరిగే ఆ సీమలో అంత నున్నటి ముఖం చూసి పిల్లలు జడుసుకున్నారు. ఇక్కణ్ణుంచి తమిళంలో నడిచిన మాటల్ని మీ సౌకర్యం కోసం తెలుగులో చెబుతున్నాను. ఊరివాళ్ళకు తెలిస్తే తల తీసేసినట్టవుతుంది, మీరు బయట అనకండి.

మొదటి ఇల్లు పాండియమ్మాళ్‌ది. సుబ్రమణియన్ గడప బయట నిలబడి, చిరునవ్వుతో, "అమ్మా, అయ్యవారు వచ్చారు. మీరు ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారో చెప్పండి" అని అడిగాడు. తమిళంలో అడిగాడు. పక్కన పెద్దమనిషి ఉన్నాడాయె.

పాండియమ్మాళ్ కొంగు సర్దుకుని, "రండయ్యా, కూర్చోండయ్యా, మజ్జిగ తాగుతారా?" అంది.

"మజ్జిగ తరవాత. మీ భాష ఏది?" అన్నాడు జెయకుమార్.

ఆమె సుబ్రమణియన్‌ను చూసింది, జెయకుమార్‌ను చూసింది. ముఖంలో ముఖం పెట్టి 'నీది వేరు, నాది వేరు' అని చుట్టంతో ఎలా అనడం? ఎంత చదువులేకపోతే మాత్రం ఆ మాత్రం పద్ధతి తెలీదా? "తమిళమేనయ్యా. ఇంకేముంటుంది?" అంది. సుబ్రమణియన్ కళ్ళతో చేసిన సైగల్ని ఆమె మజ్జిగలో ఉప్పు వేయమంటున్నట్టు గ్రహించి, ఉప్పు వేసుకొచ్చింది.

రెండో ఇల్లు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే అంతోణిది. "మా ఫాదర్ తమిళం, మా బైబిలు తమిళం, మా పాటలు తమిళం. వేరే భాషలో ప్రార్థన చేస్తే పైకి చేరుతుందో లేదోనని మేం సాహసించం సార్" అన్నాడు అంతోణి. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే పెరట్లోంచి అతని భార్య కేక వినబడింది.

"ఒసే నీ దుంపతెగ! ఆ చాటలో మూతి పెట్టొద్దంటే ఇనవేమే! పో అవతలికి!"

సుబ్రమణియన్ ముఖం వెలిగింది. జెయకుమార్ తల ఎత్తి, "అది ఏ భాష?" అన్నాడు.

"ఏం లేదు సార్, మేకతో మాట్లాడుతోంది" అన్నాడు అంతోణి.

"మేకతో సరే. ఏ భాషలో?"

అంతోణి పెరటి వైపు తొంగి చూశాడు. "మేక భాషలో సార్" అన్నాడు.

మూడో చోట కాళిముత్తు బండి వెనక్కి తోలుతూ, "ఎనక్కి రా, ఎనక్కి రారా నా సామి!" అని ఎడ్లను బతిమాలుతున్నాడు. పరిశీలకుణ్ణి చూడగానే బండి దిగి, తువ్వాలు తీసి, చక్కటి తమిళంలో క్షేమసమాచారాలు అడిగాడు. అలా వీధి వెంట వీధి గడిచింది. ఊరంతా మజ్జిగ పోసింది, ఊరంతా తమిళం మాట్లాడింది. అంత స్వచ్ఛమైన తమిళం తమిళులు కూడా మాట్లాడరని జెయకుమార్ మెచ్చుకున్నాడు.

సుబ్రమణియన్‌కు చివరి ఆశ వాళ్ళమ్మ. గోవిందమ్మాళ్‌కు తమిళం సరిగా రాదు. నోరు తెరిస్తే తెలుగే. ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి ఉంచాడు. ఆ మహాతల్లి కొడుకు పరువు నిలబెట్టాలనే నిశ్చయంతో, పుట్టినప్పటి నుంచి సంతలోనూ బస్సుల్లోనూ టీవీలోనూ విన్న తమిళం మాటలన్నీ కూడగట్టుకుని, వరస తప్పినా భాష తప్పకుండా అతిథికి అప్పజెప్పింది. చెమటలు కారిపోయాయి. చివరి మాట పూర్తిచేసి, కొడుకు వైపు గెలిచినట్టు చూసింది. తరవాత గోడ వైపు తిరిగి, "ఈ బోడిమొగమోడు ఎప్పుడు లేస్తాడో, నా సీరియల్ అయిపోతా ఉండాది" అని గొణుక్కుంది.

జెయకుమార్ చెవులు ఎర్రబడ్డాయి. ఎండ దెబ్బ అనుకున్నాడు సుబ్రమణియన్.

"అణ్ణాచ్చీ," అన్నాడు జెయకుమార్ లేస్తూ, "మీ ఊళ్ళో తెలుగు నేను విన్నది మేకకూ ఎద్దులకూ చెప్పినప్పుడే. వాటికి ఓటు లేదు. రేపు సాయంత్రం పైకి కబురు పెడతాను." చివరి గొణుగుడు మాత్రం లెక్కలో వేయలేదు.

అతను కారెక్కగానే ఊరు ఊరంతా సుబ్రమణియన్ ఇంట్లోకి చేరి తెలుగులో ఓదార్చింది. సుబ్రమణియన్ మండిపడ్డాడు.

"ఒక్క మాట చెప్పమంటిని గదా! ఒక్క మాట! నోట్లో ఏం పెట్టుకోనుంటిరి?"

"ఆయప్ప ఎదుట మన మాట ఎట్ల మాట్లాడేది, మర్యాద లేకుండా?" అంది పాండియమ్మాళ్. ఆగి, "నువ్వే గదా మామా మొదట తమిళంలో అడిగింది?" అంది.

జవాబు లేని నాయకులందరిలాగే సుబ్రమణియనూ అందరినీ బయటికి పొమ్మన్నాడు.

మరునాడు పొద్దున్నే అరుప్పుకోట్టై బస్సెక్కాడు. కాళ్ళు పట్టుకునైనా సాయంత్రంలోగా టికెట్టు తెచ్చుకోవాలి. ఇంకో అయిదేళ్ళు ఆ కార్డుల మీద కాఫీ గ్లాసుల్ని చూడటం తనవల్ల కాదు. మగ్గాల చప్పుడు మోగే వీధిలో జెయకుమార్ ఇల్లు వెతుక్కుని అరుగు ఎక్కాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలి నుంచి నవ్వులు.

"ఆ ముసల్ది నన్ను బోడిమొగమోడంట! ఇంట్లో మా అవ్వ నోట ఇన్న మాట, ఎన్నాళ్ళకు చెవిన పడె! నవ్వు ఆపుకోలేక సచ్చినా!"

"మరి మనదీ తెలుగేనని ఆయప్పకు చెప్పకపోతివా?" అంది ఆడగొంతు.

"వచ్చినోళ్ళ ఎదుట ఎట్ల చెప్పేదే, మర్యాద లేకుండా?"

సుబ్రమణియన్ తలుపుకు చెవి ఆనించాడు. మనవాడు! నిన్నంతా మనవాడే! ఒక్క తెలుగు మాట చాలు. 'ఏమబ్బా, మా అమ్మ మాట నీకూ అర్థమాయనా?' అంటే చాలు, టికెట్టు ఒళ్ళో పడుతుంది. ఆ వాక్యాన్ని నోట్లో రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. తియ్యగా ఉంది. గొంతు సవరించుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. జెయకుమార్ గడప దాటి బయటికొచ్చాడు.

"వాంగ అణ్ణాచ్చీ, వాంగ!"

"వణక్కం సార్" అంది సుబ్రమణియన్ నాలుక.

కూర్చున్నారు. మజ్జిగ వచ్చింది. వానల గురించి తమిళంలో మాట్లాడుకున్నారు. చివరికి జెయకుమార్ గ్లాసు కింద పెట్టి, అతని కళ్ళలోకి చూస్తూ, నెమ్మదిగా అన్నాడు. "ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నా ముఖం చూసి ఒక్క తెలుగు మాట మాట్లాడి ఉంటే, ఆ సాక్ష్యం చాలునని నేను రాసేవాణ్ణి. ఇప్పుడైనా సరే."

ఆగాడు. ఎదురుచూశాడు. లోపల గాజుల చప్పుడు కూడా ఆగింది. సుబ్రమణియన్ నోరు తెరిచాడు. ఎదుట పెద్దమనిషి. తను ఉన్నది గడప బయట. తాతముత్తాతలందరూ గొంతులో అడ్డంగా కూర్చున్నారు. వాళ్ళలో ఎవరూ పరాయి అరుగు మీద ఇంటి మాట జారినవాళ్ళు కారు.

"పర్వాలేదు సార్. మీకు శ్రమ ఇచ్చాను" అన్నాడు తమిళంలో. లేచి దండం పెట్టాడు. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఏడవడానికి భాష అక్కర్లేదు కాబట్టి అరుప్పుకోట్టై దాటేదాకా ఏడ్చాడు.

సాయంత్రానికి టికెట్టు చెల్లదురైకి వెళ్ళింది. ఊళ్ళో తెలుగువాళ్ళు లేరని అధికారికంగా తేలింది.

సుబ్రమణియన్ ఇల్లు చేరేసరికి గుమ్మంలో అంతోణి మేక నిలబడి తలైవర్ కార్డుల కట్టను నెమరు వేస్తోంది. ఊళ్ళో తన పదవిని జీర్ణించుకున్న మొదటి జీవి అదే. పోనీలే, దీనితోనైనా బాహాటంగా మాట్లాడవచ్చునని, "ఒసే, నీ దుంప..." అని మొదలుపెట్టాడు. అంతలో కోవిల్‌పట్టి కాన్వెంటులో టీచరుగా చేస్తున్న అతని కోడలు పాండిసెల్వి లోపలి నుంచి వచ్చి, చేతులు చరిచి, "గో! గో అవే!" అంది.

మేక ఒక్క క్షణం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కోడలి మాట విని వెళ్ళిపోయింది.

కాబట్టి మేకల విషయంలో జెయకుమార్ లెక్కను సవరించుకోవాలి. చింతలనాయక్కన్‌పట్టిలో ఇప్పుడు నలుగురి ఎదుట తెలుగు వినే ప్రాణులు ఎద్దులు మాత్రమే. మీ ఊళ్ళో అవీ లేవట, ట్రాక్టర్లు ఎప్పుడో వచ్చేశాయని విన్నాను.